క్రేయాన్ షిన్‌చాన్ : వాచిక హాస్యము

హాస్యరసమునకు విభావములను పరిగణించుచు భరతుడు వికృతమైన వేషాలంకారములతోపాటు ధార్ష్ట్యమును, లౌల్యమును, అసత్ప్రలాపమును గూడ చెప్పియున్నాడు. వీనిలో వేషవికారము కంటికి సంబంధించినది. అసత్ప్రలాపము చెవికి సంబంధించినది. బొమ్మలతో నడచు కథలను గూర్చి మన విమర్శకులు మాటలాడుటయే అరుదు. మాటలాడినప్పుడు కంటికి సంబంధించిన హాస్యమును మాత్రమే పట్టుకొని, చెవికి సంబంధించిన దానిని విడిచివేయుట పరిపాటి యైనది. జపాను బొమ్మల కథలలో మన పిల్లలు మిక్కిలి యెరిగిన ‘క్రేయాన్ షిన్‌చాన్’ విషయమున ఈ పొరపాటు స్పష్టముగా కనబడును. ఆ కథకు ఆయువుపట్టు బొమ్మ కాదనియు, ఒక యైదేండ్ల బాలుని మాటతీరనియు నా యభిప్రాయము. ఆ మాటతీరునకు సరియగు తెలుగు కళింగాంధ్రమున సిద్ధముగా నున్నను దానినెవరును ముట్టకుండుట ఈ వ్యాసమునకు ప్రేరణము.

ముందుగా కథాస్వరూపమును కొంత చెప్పవలసియున్నది. ఉసుయి యోషితో (1958-2009) అను చిత్రకారుడు 1990లో ‘మంగా యాక్షన్’ అను వారపత్రికలో దీనిని ప్రారంభించెను. ఫుతాబాషా వారి ఆ పత్రిక పిల్లలది కాదు, ఎదిగిన పురుషులు చదువుకొనునది. ఈ సంగతి గుర్తుంచుకొనదగినది. 1992 ఏప్రిల్‌లో అసాహి టెలివిజన్ దీనిని కదలు బొమ్మలుగా ప్రసారము చేయ మొదలుపెట్టినది. ఆ ప్రసారము నేటికిని సాగుచున్నది. టోక్యోకు ఉత్తరముగా సైతామా మండలమున నున్న కసుకాబే యను ఊరు కథాస్థలము. నొహారా హిరోషి టోక్యోలో ఉద్యోగి. అతని భార్య మిసాయే. కొడుకు షిన్నోసుకే, అనగా మన షిన్‌చాన్. షిరో యను తెల్లకుక్క. 1996లో హిమావరి యను చెల్లెలు పుట్టినది. చెల్లెలు పుట్టినను, మూడు దశాబ్దములు గడచినను, ఇల్లు కొన్న అప్పు ఇంకను 32 ఏండ్లు తీర్చవలసియున్నను, షిన్‌చాన్ వయస్సు మాత్రము అయిదేండ్లే. కొండపైనుండి పడి ఉసుయి మరణించిన పిమ్మట అతని సహాయకులు కథను కొనసాగించిరి.

మన దేశమున 2006లో హంగామా చానెలు దీనిని ప్రసారము చేసినది. హిందీతోపాటు తమిళము, తెలుగు కూడ ఆ చానెలున వినబడినవి. 2008లో ప్రసారము నిషేధింపబడినది. మరుసటి యేడు కత్తిరింపులతో మరల వచ్చినది. బాలుడు బట్టలు విప్పి యాడు ఆటలు మొదలైనవి తొలగింపబడినవి. ఈ నిషేధమును పరిహసించువారున్నారు గాని నేను పరిహసింపజాలను. పెద్దల పత్రికలో పుట్టిన కథను పిల్లల కాలక్షేపముగా తెచ్చి పెట్టినప్పుడు తలిదండ్రులకు అనుమానము కలుగుట సహజమే. జపానులోనే తలిదండ్రుల ఉపాధ్యాయుల సంఘములు జరిపిన విచారణలలో, పిల్లలకు చూపనిష్టపడని కార్యక్రమముల పట్టికలో ఇది యేండ్ల తరబడి పైవరుసలలో నిలచినది. కాని ఆ చర్చయంతయు బాలుడేమి చేయుచున్నాడను దానిమీద జరిగినది. వాడేమి మాటలాడుచున్నాడు, ఎట్లు మాటలాడుచున్నాడు అను ప్రశ్న రాలేదు.

పుటమీది కథకును తెరమీది కథకును గల భేదము ఇచటనే యున్నది. పుటమీద షిన్‌చాన్ కథ కొలది పుటలలో ముగియు చిన్న చిన్న తునుకలు. గీత పిల్లవాని గీతవలె మొరటుగా నుండును. ఒక గడికిని మరియొక గడికిని నడుమ నున్న తెల్లని ఖాళీలో పాఠకుడే స్వరమును కల్పించుకొనును. తెరమీద ఆ స్వరము నొకరు పలుకవలెను. 1992 నుండి 2018 వరకు యజిమా అకికో యను నటి పలికెను. ఆమె తరువాత కొబయాషి యుమికో పలుకుచున్నది. యజిమా కనిపెట్టిన స్వరము సామాన్యమైనది కాదు. అది చిన్నపిల్లల గొంతును అనుకరించు ముద్దుమాట కాదు; నిదానముగా సాగదీయుచు, దేనికిని తొందరపడక, ప్రపంచమునంతటిని చూచి విసిగిన ముసలివాడు పలికినట్లుండును. ఎవరెంత అరచినను ఆ నిదానము చెడదు. భరతుడు హాస్యమును ఆత్మస్థమనియు పరస్థమనియు రెండుగా విభజించెను: తాను నవ్వుట యొకటి, ఇతరులను నవ్వించుట యొకటి. తాను చెప్పిన మాట హాస్యమని యెరుగని వానియొద్ద పరస్థము శుద్ధముగా నిలుచును. ఆ శుద్ధి పుటమీదకంటె తెరమీదనే యెక్కువ కుదిరినదని నాకు తోచును. చిత్రకథను చలచిత్రము చేసినప్పుడెల్ల మూలము గొప్పదనుట మన విమర్శకుల యలవాటు గాని, ఇచట గెలుపు స్వరమునదే.

ఇక ఆ మాటల సంగతి. జపానీయుల నిత్యవ్యవహారమున స్థిరపడిన మర్యాదవాక్యములు పెక్కు కలవు. బయటినుండి ఇల్లు చేరినవాడు ‘తదాయిమా’ (ఇదిగో వచ్చితిని) అనవలెను. ఇంటనున్నవారు ‘ఒకాయెరి’ (వచ్చితివా) అని బదులు పలుకవలెను. షిన్‌చాన్ ఇల్లు చేరగనే తానే ‘ఒకాయెరి’ యనును. తల్లి ‘తదాయిమా అనవలెనురా’ యని దిద్దును. మరునాడు మరల అదే. ఎన్ని వందలసార్లు ఈ దిద్దుబాటు జరిగెనో లెక్కింపలేము. పిల్లవాడు మర్యాద తప్పలేదు, దానిని తలక్రిందు చేసెను. అనగా ఇంటికి వచ్చినవాడు తాను గాక తల్లియే యన్నట్లు మాటలాడెను. రెండవది: తల్లి కోపముతో వానిని తిట్టును. వాడు సిగ్గుపడినట్లు తల గోకుకొని ‘సొరెహోదొ దెమో’ యనును. ఎవరైన పొగడినప్పుడు వినయముతో ‘అబ్బే, అంత లేదండీ’ యనుటకు వాడు పలుకుబడి యది. ‘నిన్నెవరు పొగడుచున్నారు’ అని తల్లి అరచును. మూడవది యన్నిటికంటె సూక్ష్మమైనది. ఒక మాటకు బదులు దానిని పోలిన మరియొక మాటను తప్పుగా పలుకును. కజామా యను తోటి బాలుడు, చదువరి, తప్పు దిద్దును. అప్పుడు షిన్‌చాన్ ‘సోతోమో ఇయు’ యనును - ‘అట్లు కూడ అందురులే’ అని. దిద్దినవాడే వికల్పరూపమును చెప్పినట్లును, తన తప్పే ముఖ్యరూపమైనట్లును దానికి ధ్వని. వైయాకరణులు బహుళమని చేయు పనిని ఈ బాలుడు నిత్యము చేయుచున్నాడు!

ఈ మూడింటను లక్షణమొక్కటే. పిల్లవాడు పెద్దల వాక్యములను సంపూర్ణముగా నేర్చుకొన్నాడు. ఎవరు ఎవరితో ఎప్పుడు అనవలెనో అది మాత్రము నేర్వలేదు. లోకములోని పిల్లలందరును భాష నేర్చుకొను దారిలో ఈ మెట్టు ఎక్కినవారే. మన యుమ్మడికుటుంబములలో పినతండ్రులు పిలుచుట విని కన్నతల్లినే ‘వదినా’ యని పిలిచిన పిల్లలను మనమెరుగుదుము. షిన్‌చాన్ తల్లిని ‘మిసాయే’ యని పేరుపెట్టి పిలుచుటయు అట్టిదే; తండ్రి పిలుచునట్లు తానును పిలిచినాడు. దీనిని అవిధేయత యని చూచినవారికి కోపము వచ్చును, భాషాభ్యాసమని చూచినవారికి నవ్వు వచ్చును. తెర ముందు కూర్చున్న పెద్దవారికి రెండును వచ్చును.

దీనికి తోడు వాని సర్వనామము. జపాను భాషలో ఉత్తమపురుషకు రూపములు పెక్కు. చిన్న మగపిల్లలు ‘బొకు’ అందురు. కజామా అట్లే యనును. షిన్‌చాన్ ‘ఓరా’ యనును. అది పల్లెవాసుల మాట, ముఖ్యముగా ఈశాన్యపు మండలములలో వినబడు రూపము. తండ్రి హిరోషి ఆ దిక్కుననున్న అకితా మండలమువాడు. తల్లి దక్షిణమున క్యూషు ద్వీపములోని కుమామోతో మండలమునకు చెందినది. అకితా తాత అకితా యాసతోను, కుమామోతో తాత కుమామోతో యాసతోను మాటలాడుదురు. వియ్యంకులిద్దరును కలిసినప్పుడెల్ల పోట్లాడుదురు. దేశపు రెండు కొనలనుండి రాజధాని ప్రక్కకు వచ్చి స్థిరపడిన యిల్లది. ఆ యింటి పిల్లవాడు రాజధాని శివారున పుట్టియు, పట్టణపు పిల్లలతో కలిసి చదువుకొనుచును ‘ఓరా’ యని మాటలాడుటలో ఉసుయి వ్యాఖ్య కొంత దాగియున్నది. ఎవరును వానిని ‘బొకు అనుము’ అని దిద్దరు. తల్లి దిద్దునవి వేయి యుండవచ్చును గాని ఇది మాత్రము కాదు.

గరివిడి ప్రసక్తి ఇచట వచ్చుచున్నది. విజయనగరము జిల్లాలో, హౌరా-చెన్నై రైలుమార్గమున, నెల్లిమర్లకును చీపురుపల్లికిని నడుమనున్న ఊరది. ఫెర్రో ఎల్లాయిస్ కర్మాగారము వలన పేరుపొందినది. అక్కడ బంధువుల యింట కొన్ని దినములుండగా సాయంకాలము ఆరేండ్ల బాలుడొకడు తెలుగున షిన్‌చాన్ చూచుచుండుట తటస్థించినది. నాయనమ్మ ప్రక్కన కూర్చుండి ఆ వేగమునకు అందక, ‘ఆ గుంటడేటంతన్నాడ్రా’ యని మాటిమాటికి అడుగుచుండెను. మనుమడు తెరమీది తెలుగును మరల తన తెలుగున చెప్పుచుండెను. నేను వినిన భాగములలో షిన్‌చాన్ తన్ను ‘నేను’ అనియే చెప్పుకొనును. మిసాయే, హిరోషి, ఉపాధ్యాయురాలు, తోటిపిల్లలు అందరిదియు ఒక్కటే తెలుగు - ఏ యూరిదియు కాని, వార్తలు చదువునట్టి తెలుగు. నాయనమ్మ తన్ను గూర్చి చెప్పుకొనునప్పుడు ‘నాను’ అనును. ‘నాను సెప్పినాను’, ‘నానెల్లొస్తాను’ అను రూపములు శ్రీకాకుళ విజయనగర మండలముల గ్రామములలో నిత్యము వినవచ్చునవే. ఒకనాడామె ఏదో చెప్పుచు ‘నాను’ అనగా మనుమడు పకపక నవ్వెను. ఏమిరా యని నేనడుగగా, సినిమాలో నవ్వించువాడు అట్లే మాటలాడునని చెప్పెను. ఆమె కూడ నవ్వెను గాని, ఆ పూట నాతో మాటలాడునప్పుడు ‘నేను’ అనుటకు ప్రయత్నించుట గమనించితిని.

‘ఓరా’ కు తెలుగు ‘నాను’ అని నేననుకొన్నది ఆ సాయంకాలమే. రెండును ఉత్తమపురుషైకవచనములే, రెండును పల్లెకు, ఒక మూలకు చెందినవి, రెంటిని గూర్చియు బడిలో చదివినవారికి చిన్నచూపు కలదు. అకితా జపానునకు ఈశాన్యమున నున్నట్లే ఈ మండలములు తెలుగుదేశమునకు ఈశాన్యమున నున్నవి. ఇది కేవలము కాకతాళీయమే, దీనినుండి నేనేమియు నిరూపింపబోవుట లేదు. అనువాదకుడు వెదకుకొనవలసిన మాట వానికి చేతికందునంత దూరమున నున్నదని చెప్పుట మాత్రమే నా యుద్దేశము.

దీనికొక గట్టి యాక్షేపణ కలదు. తెలుగు చలనచిత్రములలో ఉత్తరాంధ్రపు యాసను సేవకులకు, అమాయకులకు, నవ్వులాటకు నిలబెట్టిన పాత్రలకు కట్టబెట్టుట చిరకాలపు టలవాటు. ఆ బాలుడు నాయనమ్మను చూచి నవ్వుటకు కారణమదియే కదా. ఇప్పుడు నవ్వుల బొమ్మచేత కూడ ‘నాను’ అనిపించినచో గాయముమీద కారము చల్లినట్లు కాదా? ఈ ప్రశ్నను నేను తేలికగా త్రోసిపుచ్చను. కాని నవ్వు ఎచట పుట్టుచున్నదో విచారింపవలెను. చలనచిత్రమున నవ్వు యాసమీద పుట్టుచున్నది. తక్కినవారందరు ఒక తెలుగును, వాడొక్కడు మరియొక తెలుగును మాటలాడుటయే అక్కడ హాస్యము. షిన్‌చాన్ కథలో ‘ఓరా’ ను విని ఆ లోకములో నెవరును నవ్వరు. నవ్వబడువాడు, చూడబోయిన, కజామా: చిన్నతనముననే పెద్దమాటలు, ఆంగ్లపు మాటలు దొర్లించుచు, ఇంటిలో మాత్రము తల్లి యొడి విడువనివాడు. కథానాయకుని మాట యాస. వాని పరిహాసమునకు గురియగువాని మాట శిష్టము.

ఈ యేర్పాటు మనకు క్రొత్త కాదు. 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో పెరిగి మరల వెలువడిన ‘కన్యాశుల్కము’ న ఎవరి కులమునకు, ఊరికి, వృత్తికి తగిన తెలుగును వారు మాటలాడుదురు. నవ్వు ఎక్కువగా ఎవరిమీద పడుచున్నదనగా గిరీశము ఆంగ్లమునకు నోరు తెరచినప్పుడు వానిమీదను, దానిని విని మురిసిపోవు వెంకటేశముమీదను. సంస్కృత నాటకములలో విదూషకుడు బ్రాహ్మణుడై యుండియు ప్రాకృతము మాటలాడును. భరతుడు వానికి విధించినది ప్రాచ్య యను భాష. ఆ నాటకములలో ప్రాకృతము తక్కువ కాదు; విదూషకుడు రాజునకు మిత్రుడు. యాసను అవమానించునది హాస్యము కాదు, యాస నొక్కనిచేతనే మాటలాడించు ఏర్పాటు అవమానించును. (వాడుకభాషకై యింతగా వాదించుచు ఈ వ్యాసమును గ్రాంథికచ్ఛాయలో వ్రాయుచున్నందులకు, గిడుగువారు పుట్టిన మండలపు పాఠకులు నన్ను చూచి నవ్వినను తప్పు లేదు. సవరల పిల్లలకు సవరలోనే చదువు చెప్పవలెనని పుస్తకములు వ్రాసిన వారాయన.)

ఇక మన ‘బుడుగు’ ను తలపకుండ ఈ చర్చ సాగదు. 1950ల దశకమున ‘ఆంధ్రపత్రిక’ వారపత్రికలో ముళ్ళపూడి వెంకటరమణ మాటతోను బాపు గీతతోను వెలువడిన ఆ బాలుని షిన్‌చాన్‌తో పోల్చుట పలువురు చేయుదురు. ఇద్దరును అల్లరివారనుట కంటె ఆ పోలిక ముందుకు పోదు. భేదమే యెక్కువ చెప్పదగినది. బుడుగు తన కథను తానే చెప్పును. పెద్దవారిని గూర్చి, ప్రైవేటు మాష్టర్లను గూర్చి, జెడలను గూర్చి అతనికి సిద్ధాంతములున్నవి. తన యల్లరిని తాను సమర్థించుకొనగలడు. అందువలన బుడుగు మాట స్వగతము, అక్షరమున నిలిచినది, బొమ్మ తీసివేసినను చదువవచ్చును. షిన్‌చాన్‌కు సిద్ధాంతము లేదు. వాని మాటకు ఎదుట తల్లియో ఉపాధ్యాయురాలో లేనిచో అర్థమే లేదు. బుడుగు వ్యాఖ్యాత, షిన్‌చాన్ నటుడు. కనుక బుడుగును మరియొక భాషలోనికి తెచ్చువానికి కావలసినది వచనము; షిన్‌చాన్‌ను తెచ్చువానికి కావలసినది సంభాషణము, అందులోను ఇంటి సంభాషణము. వార్తల తెలుగున తల్లీకొడుకులు పోట్లాడుకొనరు.

ఇతర దేశములవారు ఈ కథను ఎట్లు తెచ్చుకొనిరో కొంత చూడవచ్చును. అమెరికాలో ఫ్యునిమేషన్ సంస్థ 2006లో చేసిన ఆంగ్లరూపము మూలమును పెద్దగా పట్టించుకొనక, పెద్దలకొరకు తమ దేశపు హాస్యమునే క్రొత్తగా వ్రాసి బొమ్మలకు తగిలించినది. బొమ్మ మిగిలినది, బాలుడు మారిపోయెను. స్పెయిన్‌లో మరియొక మార్గము త్రొక్కిరి: దేశమంతటికిని ఒక్క స్పానిషుతో సరిపెట్టక, కతలాన్, బాస్క్, గలీషియన్ భాషలలో వేరువేరుగా పలికించిరి. కతలోన్యాలో ఆ బాలుడు పొందిన ఆదరణ మిక్కిలి ప్రసిద్ధము. భాష వేరు, యాస వేరని యెవరైన అనవచ్చును. నిజమే, తెలుగున నాలుగు షిన్‌చాన్‌లు కావలెనని నేనడుగుట లేదు. ఒక్క కథలోనే నాలుగు తెలుగులకు చోటున్నదని చెప్పుచున్నాను. తాతలిద్దరి పోట్లాటను తీసికొనుడు. ఒక తాత శ్రీకాకుళపు తెలుగున, మరియొక తాత చిత్తూరు తెలుగున తిట్టుకొనుచుండగా, తండ్రి నడుమ చిక్కి ఇద్దరికిని అర్థమగు తెలుగు వెదకుకొనుచుండగా వినుట ఎంత రుచిగా నుండును! మూలమున ఉన్నది సరిగా అదే. నేడు తెరమీద ఇద్దరును ఒక్క తెలుగుననే తిట్టుకొనుటచే, వారెందులకు పోట్లాడుచున్నారో సగము తెలియకున్నది.

మర్యాదవాక్యముల విషయమున మాత్రము మాటకు మాట సరిపోదు. ‘సొరెహోదొ దెమో’ కు ‘అబ్బే, అంతేం లేదండీ’ చక్కగా అతుకును. ‘సోతోమో ఇయు’ కు ‘అలాక్కూడా అంతారు’ అని కళింగాంధ్రపు తకారముతో పలికించిన నాకేమియు లోపము కనబడదు. కాని ‘ఒకాయెరి’ కష్టము. మన యిండ్లలో లోనికి వచ్చువాడు అనవలసిన స్థిరవాక్యము లేదు. చెప్పులు విడిచి లోనికి వచ్చును, అంతే. దానిని ‘స్వాగతం’ అనిపించినచో పెండ్లి పందిరి గుర్తునకు వచ్చును గాని ఇల్లు కాదు. మనకు స్థిరవాక్యము వెళ్లునప్పుడున్నది. వెళ్లువాడు ‘వెళ్తాను’ అనరాదు, ‘వెళ్లొస్తాను’ అనవలెను. ఉన్నవారు ‘వెళ్లిరా’ అనవలెను. కనుక హాస్యమును రాకనుండి పోకకు మార్చి, బడికి పోవు బాలునిచేతనే తల్లితో ‘ఎల్లిరా’ అనిపించిన మూలములోని తలక్రిందుతనము చెడక నిలుచును. ఇట్టి మార్పునకు బొమ్మ అడ్డురాకపోదు. ఇల్లు చేరు దృశ్యమున నోరు కదలుచుండగా పోవు మాటను పలికింపజాలము. కొన్ని దృశ్యములలో కుదురును, కొన్నింట దానిని వదలుకొనక తప్పదు.

ఈ మార్పు కృత్రిమమగునేమో యని నాకు కొంత సందేహముండెను. గరివిడి విడుచు దినమున ఆ బాలుడు పుస్తకముల సంచి భుజమున వేసికొని ట్యూషనుకు పోవుచు గుమ్మములో నిలిచి, ‘ఎల్లిరా నానమ్మా’ యని కేక వేసెను. ఆమె లోపలినుండి, ‘నానెక్కడికెల్తాన్రా, ఎల్లేది నువ్వు కదా’ యనెను.